దీపం లేని ఇంజను

మా ఇస్త్రీ పెట్టె చెడిపోతే నెల్లూరులో మా వీధి చివర కరెంటు సామాన్లు బాగుచేసే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. అతను పెట్టె విప్పి, లోపల మాడిన తీగ మార్చి, మళ్ళీ బిగించి నా చేతిలో పెట్టాడు. చూస్తే పిడి కింద ఉండవలసిన చిన్న ఎర్ర దీపం లేదు. దాని చోట ఒక బొక్క ఉంది.

"ఇక్కడ దీపం ఉండాలి కదయ్యా" అన్నాను.

"అది ఎప్పుడో పోయుండాది సార్. లేకపోయినా ఏం గాదు. పెట్టె కాగతాది" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. పెట్టె చంకలో పెట్టుకుని నడివీధిలో ఒక్కణ్ణే నవ్వుతూ నిలబడ్డాను. మెకానిక్కు నన్ను జాలిగా చూసి పక్క కొట్టువాడితో ఏదో అన్నాడు. అతని తప్పు లేదు. అతనికి మా సైన్సు సారు తెలియదు. ఆ మాటనే వాకాడు నుంచి మద్రాసు దాకా ప్రతి ఒక్కరి నోటా విని, ఒక్కరినీ నమ్మని మనిషి ఆయన. పోయి చాలా ఏళ్ళయింది. పోయినట్టు నాకు తెలిసింది కూడా ఆలస్యంగానే. ఉండి ఉంటే ఆ మెకానిక్కును అక్కడే బల్లమీద కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు.

పేరు రాయను. రాసినా ఆ ఊరివాళ్ళకు తెలుస్తుంది, రాయకపోయినా తెలుస్తుంది. మిగతావాళ్ళకు సైన్సు సారు అంటే చాలు.

వాకాడు దాటి తూర్పుకు పోతే, ఒక పక్క కాలవ, ఒక పక్క సముద్రం, మధ్యలో ఇసుక మీద ఒక ఊరు. అందులో మిషను హైస్కూలు. వెంకటాచలం అనే ఊరి నుంచి నేను తెలుగు పండితుడిగా అక్కడికి పోయేటప్పటికే ఆయన అక్కడ సైన్సు చెబుతున్నాడు. నేను చేరిన రోజునే ఆయన్ను చూశాను. సరివి చెట్ల తోపు పక్క బాటమీద సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడు. బాటమీద ఒక బర్రె తప్ప ఎవరూ లేరు. మలుపు దగ్గరకు రాగానే ఆయన కుడిచెయ్యి బారుగా చాపి, ఆ బర్రెకు చూపించి, కుడివైపు తిరిగాడు.

పరిచయమైన తర్వాత అడిగాను, అక్కడ ఎవరున్నారని చెయ్యి చూపించారు అని.

"బర్రె ఉండాది గదా పంతులుగారూ. నేనెటు తిరగతానో దానికి తెలవబళ్ళా?"

ఇసుక ఎక్కువగా ఉన్నచోట దిగి సైకిలు నెట్టుకుంటూ నడిచేవాడు. అప్పుడూ మలుపు వస్తే చెయ్యి చాపేవాడు. గుడ్డి వెన్నెల్లో కూడా చాపేవాడని ఊళ్ళో చెప్పుకునేవారు గానీ నేను చూడలేదు, కాబట్టి రాయను.

లోపల జరిగేది బయటికి తెలియాలి, అదీ ఆయన సిద్ధాంతం. కాఫీలో ఆవిరి కనబడకపోతే నాలుక కాలినా సరే చల్లారిందని పక్కన పెట్టేసేవాడు. క్లాసులో పిల్లలకు అర్థమైతే ఎడమ చెయ్యి, కాకపోతే కుడిచెయ్యి ఎత్తాలి. ఏ చెయ్యీ ఎత్తనివాళ్ళు నిద్రపోతున్నట్టు లెక్క. ఇంటి తలుపుకు ఒక పలక తగిలించాడు. ఒక పక్క "ఉన్నాను", రెండో పక్క "లేను". దాన్ని తిప్పడం మాత్రం ఎప్పుడూ మరిచిపోయేవాడు. ఒకసారి నేను పోతే "లేను" అని ఉంది. లోపల రేడియో మోగుతోంది. సారూ, సారూ అని పిలిచాను.

"లేనని రాసుండాది గదా పంతులుగారూ, చూళ్ళేదా?" అని లోపలి నుంచి జవాబు వచ్చింది.

ఇంత సిద్ధాంతం ఉన్న మనిషికి దేవుడిచ్చిన ముఖం చూడాలి. ఆ ముఖాన్ని చేస్తూ చేస్తూ దేవుడికి వేరే పని గుర్తొచ్చి లేచిపోయినట్టుంది. కోపం వచ్చినా అదే ముఖం, సంతోషం వచ్చినా అదే ముఖం. ఒకసారి తేలు కుట్టినప్పుడు కూడా అదే ముఖంతో స్టాఫురూములోకి వచ్చి, "హెడ్మాస్టరుగారూ, తేలు కుట్టింది, రొంత సెలవు గావాలి" అని నిలబడ్డాడు. హెడ్మాస్టరు అది ఏదో పాఠంలో ప్రశ్న అనుకుని జవాబు ఆలోచిస్తూ కూర్చున్నాడు.

ఇక ఇంజను సంగతి. మా మిషను బంగళాలో ఉండే దొరగారు ఉద్యోగం చాలించుకుని సముద్రం దాటి సొంత దేశం వెళ్ళిపోయారు. దొరలు వెళ్ళిపోయేటప్పుడు ఇంట్లో సామాను సంఘంలో వాళ్ళకూ బళ్ళో వాళ్ళకూ పంచిపోవడం అక్కడి ఆనవాయితీ. పాస్టరయ్యగారికి ఊగే కుర్చీ వచ్చింది. అప్పటినుంచి ఆయన ప్రసంగాలు ఇంకా పొడుగయ్యాయని సంఘంలో ఫిర్యాదు. నాకు గొడుగులు నిలబెట్టుకునే ఇత్తడి కుండీ వచ్చింది. నాకు గొడుగు లేదు. ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే టీచరమ్మకు దొరసాని గుండీల డబ్బా వచ్చింది. మా సైన్సు సారుకు, దొర కొడుకు ఆడుకున్న విమానం తాలూకు పెట్రోలు ఇంజను వచ్చింది. విమానాన్ని చెదలు ఎప్పుడో తినేశాయి. మిగిలింది ఇంజను ఒక్కటే.

గుప్పెడంత ఉంటుంది. ఒక చెక్కపలక మీద బిగించి ఉంది. ముందు జానెడు చెక్క పంకా. పక్కన చిన్న పెట్టె, అందులో పెట్రోలును రగిలించే కరెంటు కోసం టార్చిలైటు బ్యాటరీలు వేసే అర, పైన ఒక స్విచ్చి. స్విచ్చి పక్కన ఒక ఇత్తడి ఉంగరం, ఉంగరం మధ్యలో బొక్క. పెట్టె మూతకు లోపలివైపు ఇంగ్లీషులో ఒక కాగితం అంటించి ఉంది. సైన్సు సారు దాన్ని మాకు గ్రాంథికంలోకి మార్చి చదివాడు. స్విచ్చి వేయవలెను. ఎర్ర దీపము వెలుగును. వెలిగిన పిమ్మట పంకా తిప్పవలెను.

ఆ ఎర్ర దీపమే లేదు. దొర కొడుకు చిన్నప్పుడు పీకి ఎక్కడో పారేసి ఉంటాడు.

స్కూలంతా ఇంజను చుట్టూ చేరింది. హెడ్మాస్టరుగారు తొందరపడ్డారు.

"కరెంటు పొయ్యేది తీగలో. దీపంతో పనేముండాది సారూ? పెట్రోలు పోసి తిప్పండి. తిరగతాది."

"తిరగతాది సార్. తిప్పేదానికి ముందు కరెంటు వచ్చిందో లేదో నాకెట్టా తెలిసేది?"

"తిరిగితే వచ్చినట్టు."

"తిరక్కపోతే?"

"రానట్టు."

"అది తిప్పినాక తెలిసే సంగతి సార్. నేనడిగేది ముందు సంగతి."

హెడ్మాస్టరుగారు లెక్కల మనిషి. అయినా దీనికి జవాబు దొరక్క గంట కొట్టించారు.

అది మొదలు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, దీపం లేకుండా తిప్పమని ఊరు, తిప్పనని ఆయన. నెల్లూరులో సైకిలు షాపువాడు సైకిలు వెనక పెట్టుకునే ఎర్ర బిళ్ళ ఇచ్చాడు. అది మెరుస్తుంది గానీ వెలగదు. మద్రాసు పాతసామాన్ల బజారులో ఎర్ర దీపం దొరికింది గానీ అది కొబ్బరికాయంత ఉంది, రైలుకు పెట్టేదట. టార్చిలైటు బల్బు ఆ బొక్కలో సరిగ్గా పట్టింది గానీ తెల్లగా వెలిగింది. కాగితంలో "ఎర్ర" అని రాసుంది కదా. బల్బుకు ఎర్ర సిరా పూస్తే పొగలు వచ్చాయి. పారాణి పూస్తే పెచ్చులూడింది. క్రిస్మస్ స్టారుకు అంటించగా మిగిలిన ఎర్ర రంగు కాగితం చుడితే అది కమిలి నల్లబడి, స్టాఫురూములో రెండురోజులు ఎవరం కూర్చోలేకపోయాం.

చేపలు పట్టే ముసలి కాశయ్య జాలిపడి తన పడవ లాంతరు తెచ్చాడు.

"దీనికి ఎర్రగుడ్డ చుట్టుకో అయివోరా. పక్కన పెట్టుకుని నీ మిషను తిప్పుకో."

పెట్రోలు పక్కన లాంతరు అనగానే హెడ్మాస్టరుగారూ నేనూ సరివి తోపు దాకా నడిచాం. సైన్సు సారు మాత్రం కాసేపు నిజంగానే ఆలోచించి, లాంతరు తిరిగి ఇచ్చేశాడు. ఆయన అభ్యంతరం ప్రాణభయం కాదు.

"ఇది కిరసనాయిలు ఉండాదని చెప్తాది కాశన్నా. కరెంటు ఉండాదని చెప్పదు."

ఇంజను అల్మరా ఎక్కింది. ఎండాకాలం పోయింది, తుఫాను పోయింది, ఇంకో ఎండాకాలం వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనుషుల్ని చాలామందిని చూశాను గానీ, కుందేలుకు నాలుగో కాలు అతికించేదాకా దాన్ని నడవనివ్వని మనిషిని ఈయన్నే చూశాను.

ఇక్కడ కుట్టు టీచరమ్మ గురించి చెప్పాలి. నెల్లూరు మనిషి. తల్లీతండ్రీ లేరు, ఒక అన్న ఉన్నాడు, రైసుమిల్లులో గుమాస్తా. ఆమె నోరు విప్పితే ఎదుటివాడికి నవ్వు రావాలి, లేదా సిగ్గు రావాలి. సన్నగా, చురుగ్గా, ముక్కుమీద కళ్ళజోడు పెట్టుకుని, సూదిలో దారం ఎక్కిస్తూనే మనల్ని పరీక్ష చేసేది. ఆమె బళ్ళో చేరినప్పటినుంచి మా సైన్సు సారు చొక్కా గుండీలు ఊడటం మొదలైంది. ప్రతి వారం ఒకటి. ఒక మనిషి చొక్కాకు అన్ని గుండీలు ఊడటం ప్రకృతి విరుద్ధం. చొక్కా పట్టుకుని పోయి కుట్టు క్లాసు గుమ్మంలో నిలబడేవాడు. ఆమె డబ్బా తీసి, జోడైన గుండీ వెతికి, కుట్టి ఇచ్చేది. ఈయన గుండీ లాగి చూసి, "గట్టిగా ఉండాది" అని వెళ్ళిపోయేవాడు. వారంలోగా అది ఊడేది.

ఒకనాడు ఉండబట్టలేక నేనే కదిపాను.

"ఆమెను చేసుకోవాలని ఉందా సారూ?"

"ఉండాది" అన్నాడు, అదే ముఖంతో.

"మరి అడగరేం?"

"ఇంజను కానీండి పంతులుగారూ. ఒక పని మొదలుపెట్టినాక అది కానిచ్చి గదా ఇంకొకటి. ఇంజను తిరిగిన రోజే అడగతా."

"పోనీ, మీ మనసులో మాట ఆమెకు తెలుసా?"

"తెలిసే ఉంటాది గదా. గుండీలు ఊడతా ఉండాయి గదా."

నేను నుదురు కొట్టుకున్నాను. ఈయన లెక్కలో గుండీ ఊడటమే ఎర్ర దీపం. అవతల ఆమె నాతో అన్న మాట వేరు. "సారు బట్టలు ఎవురు ఉతకతా ఉండారో గానీ పంతులుగారూ, బండకేసి చంపతా ఉండారు. మనిషిని మార్చుకోమనండి" అంది. ఆమెకు నిజంగా తెలియదా, తెలిసే ఆడిస్తోందా అన్నది నాకు ఈనాటికీ తేలలేదు.

అలా నడుస్తుండగా ఒకనాడు ఆమె నన్ను కుట్టు క్లాసు దగ్గర ఆపింది. చేతిలో కత్తెర ఉంది. గుడ్డ కత్తిరిస్తూనే మాట్లాడింది, నా వైపు చూడలేదు.

"ఆదివారం మా అన్న వస్తా ఉండాడు పంతులుగారూ. కావలిలో సంబంధం చూసినాడంట. బడికి రాజీనామా ఇచ్చి సాయంత్రం పడవకి వచ్చేయమన్నాడు. ఆ సారువి గుండీలేమన్నా ఉంటే శనివారం లోపల పంపమనండి. ఆపైన నేనుండను."

కత్తెర వంకరగా పోయింది. ఆమె చేతిలో కత్తెర వంకర పోవడం నేను చూడటం అదే మొదలు.

నేను పంచె ఎగ్గట్టుకుని ఇసుకలో పరుగెత్తాను. తలుపు మీద "లేను" అని ఉంది. ఆ అబద్ధం నాకు పాతదే కాబట్టి తోసుకుని లోపలికి పోయి సంగతి చెప్పాను. ఆయన విన్నాడు. ముఖం మారలేదు. లేచి బయటికి వచ్చి, తలుపుకున్న పలకను "ఉన్నాను" అని తిప్పాడు. "లేను" అని తిప్పాడు. మళ్ళీ "ఉన్నాను". అలా తిప్పుతూనే ఉన్నాడు. చూస్తూ చూస్తూ నాకు భయం వేసింది. మనిషి లోపల ఎంత గోల జరుగుతోందో ఆ పలక ఒక్కటే చెప్పింది.

"పోయి అడగండి సారూ. ఇంజను సంగతి తర్వాత చూసుకోవచ్చు" అన్నాను.

"మాట అనుకున్నా పంతులుగారూ. ఇంజను తిరిగిన రోజని. ఆదివారం తిప్పతా."

"దీపం ఏదీ?"

ఆయన చేతిలో పలక తిరుగుతోంది.

నేను మళ్ళీ ఇసుకలో పడి కుట్టు క్లాసుకు వచ్చాను. పెళ్ళి మాట ఆయనదే, నేను ఎత్తకూడదు. ఎర్ర దీపం మాట ఎత్తవచ్చు కదా. ఒక ఇత్తడి ఉంగరంలో పట్టేటంత ఎర్ర గాజు కావాలి, ఎక్కడన్నా ఉంటుందా అని అడిగాను. ఆమె నన్ను కళ్ళజోడు పైనుంచి చూసి, గుండీల డబ్బా బోర్లించింది. తెల్లవి, నల్లవి, ముత్యపు చిప్పవి, వాటి మధ్య దొరసాని పాత గౌనుదేమో, దానిమ్మ గింజ రంగులో ఒక గాజు గుండీ.

"దీనికోసరమా ఇన్నాళ్ళు? నన్నెందుకు అడగలేదు?"

"మీ దగ్గర ఇలాంటిది ఉందని ఆయనకు తెలియదు కదమ్మా."

"ఈ డబ్బా ముందరే గదా పంతులుగారూ ఆయన వారం వారం నిలబడింది. ఆ మడిసి యాడ చూస్తా ఉన్నట్టు?"

ఆ మాట అనేసి, దానికి జవాబు ఆమెకే తట్టిందేమో, తల వంచుకుని గుండీలన్నీ డబ్బాలోకి ఎత్తడం మొదలుపెట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. ఎర్ర గుండీ నా చేతిలో పెట్టింది.

అది ఇత్తడి ఉంగరంలో అచ్చంగా కొలిచి చేసినట్టు కూర్చుంది. వెనక టార్చి బల్బు. ఊళ్ళో కొట్లో బ్యాటరీలు కొన్నాం. అవి కొట్టువాడి తాత కాలం నాటివేమో, పైన అట్ట ఉబ్బి ఉంది. కొత్తవి కావాలంటే గూడూరు పోవాలి, అంత వ్యవధి లేదు. స్విచ్చి వేయగానే ఎర్రగా వెలిగింది. ఆయన ఆర్పాడు. వేశాడు. ఆర్పాడు. వేశాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

"బ్యాటరీలు అయిపోతాయి సారూ. ఆదివారం దాకా దాచండి."

ఆదివారం ఆరాధన అయిన తర్వాత అందరూ బడి ముందు చేరారు. ఆ సంఘంలో ఏ కొత్త వస్తువునైనా ప్రార్థన చేయించకుండా వాడరు. సైకిలు కొన్నా, కుట్టుమిషను కొన్నా, బర్రెను కొన్నా పాస్టరయ్యగారు వచ్చి కృతజ్ఞత చెల్లించాల్సిందే. బర్రె కూడా ప్రార్థన అయ్యేదాకా కదలకుండా నిలబడేది, దానికి అలవాటైపోయింది. కాబట్టి ఇంజనుకూ ప్రార్థన. బల్లమీద తెల్లగుడ్డ పరిచి ఇంజను పెట్టారు. పెట్రోలు పోశారు. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. ఆడవాళ్ళ ముందు వరసలో కుట్టు టీచరమ్మ, పక్కన సంచి. వాళ్ళన్న వెనక నిలబడి చేతిగడియారం చూసుకుంటున్నాడు. కాలవ రేవులో పడవ సిద్ధంగా ఉంది.

"ముందు తిప్పేసి ఆపైన ప్రార్థన పెట్టుకుందామా?" అని నేను గుసగుసగా అడిగాను.

"తప్పు పంతులుగారూ" అన్నాడు సైన్సు సారు. అని ఊరుకోలేదు. స్విచ్చి వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. జనం ఆహా అన్నారు.

"ఆర్పండి సారూ. ప్రార్థన అయినాక వేసుకోవచ్చు."

"దేనికోసరం ప్రార్థన చేస్తా ఉండేదీ దేవుడికి కనపడబళ్ళా?"

పాస్టరయ్యగారు కళ్ళు మూసుకున్నారు. అందరూ మూసుకున్నారు. నేను ఆ మతం వాణ్ణి కాను కాబట్టి ఒక కన్ను తెరిచే ఉంచాను. అయ్యగారు సృష్టి మొదటి రోజు నుంచి మొదలుపెట్టారు. వెలుగు కలుగుగాక అన్న మాట దగ్గర, ఎదురుగా ఎర్ర దీపం ఉండటం వల్ల కాబోలు, చాలాసేపు ఆగారు. అక్కడినుంచి దేశాన్ని ఏలేవాళ్ళ కోసం, జిల్లా అధికారుల కోసం, వానల కోసం, చేపల కోసం, కాలవ మీద ప్రయాణం చేసేవాళ్ళ కోసం ప్రార్థించారు.

దీపం దానిమ్మ గింజ రంగు నుంచి ఇటుక రంగుకు దిగింది.

తలెత్తి చూస్తే, అంతమంది మూసిన కళ్ళ మధ్య ఇంకో జత తెరిచి ఉంది. కుట్టు టీచరమ్మ కూడా దీపాన్నే చూస్తోంది. ఆమె నన్ను చూసింది. ఏదో ఒకటి చేయమని కళ్ళతోనే చెప్పింది. నేను సైన్సు సారు చొక్కా లాగాను. ఆయన కళ్ళు తెరవకుండా, ఎవరో ప్రోత్సహిస్తున్నారనుకుని, "ఆమెన్" అన్నాడు. అయ్యగారికి దానితో ఇంకా ఉత్సాహం వచ్చింది. నేను గట్టిగా దగ్గాను. మళ్ళీ దగ్గాను.

"దగ్గుతో బాధపడుతున్న మన పండితులవారిని జ్ఞాపకం చేసుకో ప్రభువా" అన్నారు అయ్యగారు.

సంఘమంతా ఆమెన్ అంది. ఆ తర్వాత రోగుల పట్టీ అంతా వచ్చింది. కాశయ్య మోకాలు కూడా వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు మావాళ్ళు. ఆ సామెత మతాలకు అతీతమని ఆ రోజు తెలుసుకున్నాను. చివరికి ఇంజను దగ్గరకు వచ్చి, ఈ యంత్రమును నీ మహిమార్థమై తిరుగనిమ్ము అని ముగించేటప్పటికి, ఉంగరం మధ్య గుండీ ఉత్త గుండీ అయిపోయింది.

సైన్సు సారు కళ్ళు తెరిచాడు. దీపం వంక చూశాడు. స్విచ్చి ఆర్పి వేశాడు. ఏమీ లేదు.

"తిప్పండి సారూ" అన్నారు హెడ్మాస్టరుగారు.

"దీపం లేదు సార్."

"ఉత్తిదే ఒకసారి తిప్పండి, ఎవురు చూడొచ్చినారు, తిరగతాదేమో."

"వెలిగిన పిమ్మట అని రాసుండాది సార్."

కాశయ్య ఓపిక పట్టలేక ముందుకు వచ్చి వేలితో పంకాను ఒక్క తోపు తోశాడు. అది బద్ధకంగా ఒక చుట్టు తిరిగి ఆగింది. పిల్లలు పకపకా నవ్వారు. పెద్దలు నవ్వు ఆపుకోవడానికి ఇసుక వంక చూశారు. ఆ నవ్వు మధ్యలో కుట్టు టీచరమ్మ వాళ్ళన్న గడియారం చూసుకుని, చెల్లెలి సంచి చేతికి తీసుకున్నాడు.

"పదమ్మా. పడవ పోతాది."

ఆమె లేచింది. సైన్సు సారు వంక ఒకసారి చూసింది. ఆయన అదే ముఖంతో నిలబడి ఉన్నాడు. ఆ ముఖం చూస్తే ఎవరికైనా, ఈ మనిషికి ఇంజను తిరక్కపోయినా ఒకటే, ఆమె పోయినా ఒకటే అనిపిస్తుంది. మాట్లాడండి సారూ అని నేను వెనకనుంచి పొడిచాను. నోరు తెరిచాడు. మూశాడు. ఆమె తిరిగి నాలుగడుగులు వేసింది.

అప్పుడు ఆయన కుడిచెయ్యి లేచింది. బారుగా, భుజం ఎత్తున, ఆమె పోతున్న వైపుకు. సైకిలు మీద బర్రెకు చూపించే చెయ్యి అది. జనానికి ఏమీ అర్థం కాలేదు. పాపం చెయ్యి పట్టేసిందేమో అన్నారొకరు. అయ్యగారు అది కూడా ప్రార్థనలో చేర్చవలసిన రోగమేమోనని దగ్గరకు వచ్చారు. ఆయన చెయ్యి దించలేదు.

ఆమె వెనక్కు తిరిగి చూసింది. చూసి, ఆగిపోయింది. కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూసింది.

"అన్నా, రొంత ఆగు" అంది. "ఆయన ఇటు తిరగతా ఉండాడు."

అంతే. ఆ తర్వాత వాళ్ళన్నకు అర్థమయ్యేలా చెప్పే భారం నా మీద పడింది. తెలుగు పండితుణ్ణి అయినందుకు ఆ ఒక్కరోజు నాకు పని పడింది. అయ్యగారు సంతోషం పట్టలేక ఒక చిన్న ప్రార్థన అనగానే పెళ్ళికూతురి అన్నే ఆయన చెయ్యి పట్టుకుని, "అయ్యగారూ, పడవ పోతాది" అని బతిమాలాడు. ఆయన ఆగలేదు. పడవా ఆగలేదు. వాళ్ళన్న ఆ పూట మా ఇంట్లోనే వంకాయ పులుసు తిని పడుకున్నాడు.

పెళ్ళయింది. గూడూరు నుంచి సైన్సు సారు కొత్త బ్యాటరీలు తెప్పించాడని తెలిసి, ఇంక ఇంజను తిరిగే తీరుతుందని ఒక సాయంత్రం ఉరుక్కుంటూ పోయాను. తలుపు మీద పలక లేదు. ఆమె పీకేసిందట. అల్మరాలో ఇంజను ఉంది. ఇత్తడి ఉంగరం మధ్య మళ్ళీ బొక్క.

సైన్సు సారు లోపలినుంచి వచ్చాడు. తెల్ల చొక్కా. పైనుంచి రెండో గుండీ ఎర్ర గాజుది.

"ఇదేంది సారూ?"

"గుండీ ఊడింది పంతులుగారూ" అన్నాడు. "డబ్బాలో తెల్లవి అయిపోయినాయంట."

"ఏం అయిపోలేదు" అంది ఆమె వంటింట్లోనుంచి. "ఆ మొహం చూసి ఏం తెలుసుకోమంటారు పంతులుగారూ నన్ను? లోపల తిరగతా ఉండాదో లేదో నాకు మాత్రం తెలవబళ్ళా? అందుకని దీపం అక్కడ పెట్టినా."

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. చెయ్యి మాత్రం పోయి ఆ గుండీని పట్టుకుంది. లాగి చూడలేదు. ఊరికే పట్టుకున్నాడు. నాకు ఆ ఇద్దరినీ చూసి అసూయ పుట్టింది, ఎందుకో కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఇంటికి పోయి మా ఆవిడతో దెబ్బలాడాను, ఏ కారణం లేకుండా.

నేను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ గుండీ ఆయన చొక్కాల మీదే ఉంది. ఒక చొక్కా చినిగితే ఇంకో చొక్కాకు మారేది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు కూడా అదే. మరి దీపం లేని ఇంజను తిప్పరాదు కాబట్టి ఆ ఇంజను ఎన్నడూ తిరగలేదు. ఎవరన్నా అడిగితే ఆయన మూత తీసి కాగితం చదివి వినిపించేవాడు.

మెకానిక్కు ఇంకా నా వంక చూస్తూనే ఉన్నాడు. నవ్వు ఆపుకుని పెట్టె తిరిగి అతని బల్లమీద పెట్టాను.

"దీపం వెయ్యి నాయనా."

అతను సొరుగంతా వెతికాడు. "ఎర్రది లేదు సార్. పచ్చది ఏస్తా. ఏదైతే ఏంది, వెలగతాది గదా."

"ఎర్రదే కావాలి."

"దొరికేదానికి టైం పడతాది సార్. అప్పటిదాకా ఉత్తగా వాడుకోండి. కాగతాదని చెప్తా ఉండాను గదా."

"కాగుతుంది. కాగేది నాకెట్టా తెలిసేది?" అన్నాను.

పెట్టె అతని దగ్గరే ఉంది. ఎర్ర దీపం ఇంకా దొరకలేదు. ప్రస్తుతం మా ఇంటిల్లిపాదీ నలిగిన బట్టలే కట్టుకుంటున్నాం.